నలభై ఒకటో నంబరు మీద గాటు

హోయర్ కార్ఖానా వాళ్లు నలభై ఒకటో నంబరు తూటా అచ్చు అసలు తయారే చెయ్యలేదని క్లీట్ అమర్మన్ పాత అచ్చులు పోగుచేసేవాళ్ల సంఘం పత్రికలో రాసి అప్పటికి మూడేళ్లయింది. రాసినవాడు క్లీట్ కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

తొంభై ఏళ్ల కిందట పెన్సిల్వేనియాలో ఒక లోయలో హోయర్ అనే ఆసామి పెట్టిన చిన్న కార్ఖానా అది. ఇంట్లోనే సీసం కరిగించి తూటాలు పోసుకునే వేటగాళ్లకి ఇనప అచ్చులు చేసి అమ్మేది. ఒక్కో తూటా ఆకారానికి ఒక్కో నంబరు. మొత్తం అరవై మూడు. పద్దెనిమిదేళ్లు నడిచి మూతపడింది. దాని కాగితాలన్నీ ఏదో వరదలో కొట్టుకుపోయాయి. ఇక మిగిలినవల్లా ఇనప ముక్కలూ, వాటి మీద కొట్టిన గుర్తులూ. ఆ గుర్తులు చదవడంలో పెన్సిల్వేనియా మొత్తం మీద క్లీట్‌ని మించినవాడు లేడని అందరూ అనేవారు. అందరికన్నా ముందు క్లీట్ అనుకునేవాడు.

అరవై రెండు నంబర్లు అతను కళ్లారా చూశాడు. యాభై ఎనిమిది అతని నేలమాళిగలో గాజు బీరువాలోనే ఉన్నాయి. నలభై ఒకటి మాత్రం దొరకలేదు. పన్నెండేళ్లు వెతికాడు. వేలంపాటలకీ, చచ్చిపోయిన రైతుల కొట్టాలకీ, పాత ఇనప సామాన్ల దుకాణాలకీ తిరిగి తిరిగి మూడు కార్లు అరగదీశాడు. చివరికి విసుగెత్తి, దిమ్మలో ఆ ఆకారం తొలిచే కోరు అనే ఉక్కు పనిముట్టు మొదట్లోనే విరిగిపోయి ఉంటుందనీ, ఆ నంబరు కాగితం మీదే మిగిలిపోయిందనీ తేల్చేశాడు. అందని ద్రాక్ష పుల్లన అంటారు. క్లీట్ ఇంకో అడుగు ముందుకేసి అసలు ఆ తీగే మొలవలేదన్నాడు.

పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున మెర్ల్ కెఫార్ట్ రొట్టె సంచిలో ఏదో చుట్టుకుని వచ్చి, క్లీట్ నేలమాళిగ మెట్లు దిగాడు.

మెర్ల్ పాల లారీ తోలుతాడు. క్లీట్ కంటే ఎనిమిదేళ్లు చిన్న. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. పదేళ్ల కిందట క్లీట్ దగ్గరికి వచ్చి, "ఇవి ఎట్లా చూడాలో నాక్కూడా చెప్పు" అని అడిగి, అప్పట్నుంచీ శిష్యుడిలా తిరుగుతున్నాడు. నేర్చుకున్నది తక్కువ, దొరికించుకున్నది ఎక్కువ. అక్కడే క్లీట్‌కి ఒళ్లు మండేది. క్లీట్ రెండొందల మైళ్లు వెళ్లి ఒట్టి చేతులతో వచ్చిన రోజున మెర్ల్ పాల డబ్బాలు ఎక్కించుకుంటూ ఎవరి వాకిట్లోనో తలుపుకి అడ్డం పెట్టిన అచ్చుని చూసి తెచ్చేవాడు. పందొమ్మిదో నంబరు అలాగే వచ్చింది. ముప్ఫై ఆరు కూడా అంతే. ఆ రెండూ క్లీట్‌కే ఇచ్చేశాడు, "నా దగ్గరెందుకు, నీ బీరువాలో ఉంటే అందం" అని. ఇచ్చినందుకు సంతోషించాల్సింది పోయి, వాటిని చూసినప్పుడల్లా క్లీట్‌కి పంటి కింద రాయి పడ్డట్టుండేది.

"కాఫీ ఏదైనా ఉందా?" అన్నాడు మెర్ల్ ఆఖరి మెట్టు మీద నిలబడి.

"పైన ఓర్ఫాని అడక్కుండా దిగావా?"

"అడిగా. మీ ఆవిడ ముందు నీ మొహం చూసి రమ్మంది. ఆ తర్వాత తాగితే ఎంత చేదు కాఫీ అయినా తియ్యగానే ఉంటుందిట."

క్లీట్ నవ్వలేదు. "ఆ సంచిలో ఏంటి?"

"అదే తెలీక వచ్చా. కొండ అవతల బ్రుబేకర్ వాళ్ల పొలంలో శనివారం వేలం వేశారు కదా. కోళ్లగూటి తలుపుకి బందులు కావాలని పాత బందుల పెట్టె ఒకటి పాడుకున్నా. అడుగున బండి గ్రీజు ముద్ద. పిండిముద్దంత ఉంది. పారేద్దామని పారతో లేపితే బరువుగా తగిలింది. కిరసనాయిల్లో రెండు రోజులు నానేశా." మెర్ల్ సంచి విప్పి బల్ల మీద పెట్టాడు. "అట్లా చూడకు, తీగల బ్రష్ పెట్టలేదులే. నువ్వు తిడతావని పాత పళ్లబ్రష్షే వాడా."

అచ్చు చిన్నది. రెండు ఇనప దిమ్మలు, వాటికి రెండు చెక్క పిడులు. పక్కమీద హోయర్ పేరు అరిగిపోయి, వేలితో తడిమితే తెలిసేంతే ఉంది. పేరు కింద నంబరు ఉండవలసిన చోట ఏమీ లేదు.

"నంబరు లేదు" అన్నాడు క్లీట్.

"ఉంది. రేకు తిప్పు."

సీసం పోసే చిల్లున్న పై రేకుని క్లీట్ బొటనవేలితో పక్కకి తోశాడు. రేకు కింద, దిమ్మ నెత్తి మీద, నిన్న కొట్టినంత పదునుగా రెండు అంకెలున్నాయి. నాలుగు, ఒకటి.

భూతద్దం తీసుకోవడానికి చెయ్యి చాచి, ఆగి, ముందు ముక్కు తుడుచుకుని, అప్పుడు తీసుకున్నాడు.

నాలుగు అంకెలో అడ్డగీత నిలువుగీతని దాటి కుడివైపుకి రాలేదు. ఆ చెయ్యి విరిగి ఉంది. హోయర్ కార్ఖానాలో నాలుగు కొట్టే ముద్ర మొదట్నుంచీ అంతే, ఆ మూల పెచ్చు ఊడిపోయింది. పద్నాలుగు మీదా, ఇరవై నాలుగు మీదా, నాలుగున్న ప్రతి అచ్చు మీదా అదే అవిటి నాలుగు. ఆ సంగతి కనిపెట్టిందే క్లీట్. బొమ్మ గీసి పత్రికలో వేయించింది కూడా అతనే.

నంబరు రేకు కింద ఎందుకుందో కూడా అతనికి తెలుసు. లోకంలో అతనొక్కడికే తెలుసు. కార్ఖానా మేస్త్రీ కూతురు, తొంభై ఏళ్ల ముసలావిడ, వృద్ధుల ఇంట్లో చనిపోయేముందు అతనికో ఉత్తరం రాసింది. మొదటి చలికాలం తన తండ్రి నంబర్లు రేకు కింద కొట్టేవాడనీ, దుకాణాల్లో జనం రేకు తిప్పి చూసుకోవడానికి విసుక్కుంటే ఆ తర్వాత పక్కకి మార్చాడనీ. అలాంటిది క్లీట్‌కి ఒక్కటే దొరికింది, ఏడో నంబరు. దాన్ని గాజు బీరువాలో పెట్టలేదు. నూనెగుడ్డలో చుట్టి బల్ల సొరుగులో దాచాడు. ఎప్పుడో ఒక పుస్తకం రాసి, ఆఖరి పేజీలో ఆ సంగతి బయటపెట్టి అందరి నోళ్లూ మూయించాలని. ఉత్తరం మాట ఓర్ఫాకి కూడా చెప్పలేదు.

అంటే నలభై ఒకటి తయారయింది. మొదటి చలికాలంలో కొన్ని చేసి ఉంటారు. ఆ తర్వాత కోరు విరిగింది. తన ఊహలో సగం నిజమేనన్నమాట. ఆ సగం నిజం ఇంకా ఎక్కువ కాల్చింది.

"ఏమంటావ్?" మెర్ల్ ఊపిరి బిగబట్టి ఉన్నాడు. మొహమంతా చిన్నపిల్లాడి ఆశ. "నాలుగు చెయ్యి విరిగింది చూశావా? నీ బొమ్మలో ఉన్నట్టే. లారీ పక్కకి ఆపి మళ్లీ మళ్లీ చూసుకున్నా."

కోళ్లగూటి బందుల కోసం వెళ్లాడు వీడు, అనుకున్నాడు క్లీట్. కోళ్లగూటికి! పన్నెండేళ్లు నేను తిరిగిన తిరుగుడంతా వీడి కోళ్ల కాళ్ల కింద పడింది. శనివారం ఫైర్ ఇంజన్లు పెట్టే హాల్లో సంఘం కూడుతుంది. వీడు దీన్ని తీసుకెళ్లి బల్ల మీద పెడతాడు. లేదని నేను రాసినదాన్ని పెడతాడు. అందరూ వీడి చుట్టూ మూగుతారు. వీడు సిగ్గుపడుతూ, "నాదేముంది, నేర్పింది క్లీటే" అంటాడు. ఆ మాట కూడా అంటాడు వెధవ!

"నకిలీ" అన్నాడు క్లీట్.

అంత తేలిగ్గా వచ్చేస్తుందని అతను కూడా అనుకోలేదు. ఒకసారి వచ్చాక మిగతాది దానంతటదే వచ్చింది.

"పక్కన పేరు ఎట్లా ఉంది? అరిగిపోయి ఉంది. నంబరు? కొత్త బ్లేడులా ఉంది. ఒకే వస్తువు మీద ఒకటి ముసలిదై ఇంకోటి పడుచుగా ఉంటుందా? పైగా హోయర్ అచ్చు ఏదైనా సరే, నంబరు రేకు కింద చూశావా ఎప్పుడైనా?"

"లేదు."

"నా బీరువాలో యాభై ఎనిమిది ఉన్నాయి. చూడు పోయి. ఒక్కదానికైనా ఉందేమో."

మెర్ల్ బీరువా వైపు చూడనైనా చూడలేదు. "మరి ఆ విరిగిన చెయ్యి?"

"నేను బొమ్మ వేయించి మూడేళ్లయింది. ఆ పత్రిక నాలుగొందల ఇళ్లకి వెళ్తుంది. ఆకురాయి ఉన్న ప్రతివాడూ ముద్ర మూల పెచ్చు లేపుకోగలడు. నంబరు లేని అచ్చు ఒకటి పట్టుకుని, ఎవరికీ దొరకని నంబరు కొట్టి, గ్రీజులో ముంచి పెట్టెలో పడేశాడు ఎవడో. ఎవడో ఒక అమాయకుడు పాడుకోకపోతాడా అని."

"పాడుకున్నాడుగా" అన్నాడు మెర్ల్. కాసేపు అచ్చుని అటూ ఇటూ తిప్పాడు. ఆ తర్వాత, క్లీట్ ఎదురుచూడని విధంగా, నవ్వేశాడు. "చూడు ఎంత గాడిదనో! లారీ ఆపి ఏడ్చినంత పని చేశా. నువ్వు లేకపోతే శనివారం నలుగురిలో నవ్వులపాలయ్యేవాణ్ణి."

అతను అచ్చుని మళ్లీ రొట్టె సంచిలో చుడుతూ మెట్ల దాకా వెళ్లి ఆగాడు. "అయితే శనివారం గాటు పెట్టిద్దాం దీనికి. సంఘం పెద్ద గస్‌తో చెప్తా."

క్లీట్ చేతిలో భూతద్దం బల్ల మీద టక్కున పడింది.

గాటు ఆ సంఘంలో అందరికీ తెలిసిన కట్టుబాటు. ఎనిమిదేళ్ల కిందట ఒకడు దొంగ నంబర్లు కొట్టిన అచ్చులు ముగ్గురికి అంటగట్టి పోయాడు. అప్పట్నుంచి, నకిలీ అని తేలిన అచ్చుని సమావేశంలో అందరి ముందూ పెట్టి, నంబరు మీద ఉలితో అడ్డంగా గాటు పెడతారు. ఇక అది ఎన్ని చేతులు మారినా ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఉలి పట్టుకునేది సొంతదారు. సుత్తితో కొట్టేది నకిలీ అని తేల్చినవాడు. ఇద్దరి చేతులూ పడితే రేపు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోరని. ఈ పద్ధతి పెట్టించింది క్లీట్ అమర్మనే.

"దీనికెందుకులే గాటు" అన్నాడు క్లీట్. "సొరుగులో పడేయ్."

"నేను పోయాక మా అక్క కొడుకు దాన్ని నిజమని అమ్మేస్తే? వాడి సంగతి నీకు తెలీదా? వాళ్లమ్మ పళ్లసెట్టునైనా అమ్మేస్తాడు. వద్దు వద్దు. పద్ధతి పద్ధతే." మెర్ల్ మెట్లెక్కి వెళ్లిపోయాడు. పైన కాఫీ తాగుతూ ఓర్ఫాతో నవ్వడం వినిపించింది.

ఆ మధ్యాహ్నం ఓర్ఫా బంగాళాదుంపల కూర పెట్టి, క్లీట్ ప్లేటులో అది చల్లారిపోవడం చూస్తూ కూర్చుంది.

"మెర్ల్ తెచ్చింది మంచిదేనా?"

"నకిలీ."

"ఓహో." ఆవిడ రొట్టెకి ఆపిల్ జామ్ రాసుకుంది. "నకిలీ సరుకు చూసిన రోజున నువ్వు రెండు ప్లేట్లు తింటావు. పైగా ఆ సరుకు తెచ్చినవాడి మీద నాలుగు జోకులు వేస్తావు. నలభై ఏళ్లుగా చూస్తున్నా."

"కడుపులో బాలేదు."

"కడుపులో ఉన్నదేంటో నాకు తెలుసులే. మాటిమాటికీ అదే కదా. వాడికి పందొమ్మిది దొరికినప్పుడు కూడా వారం రోజులు నీకు అజీర్తే."

తేలు కుట్టిన దొంగలా క్లీట్ చెంచా అందుకున్నాడు. చల్లారిన కూరే తిన్నాడు.

బుధవారమంతా తనకి తను సర్దిచెప్పుకున్నాడు. ఒక్క అబద్ధం. ఎవరికీ నష్టం లేదు. మెర్ల్ ఎలాగూ దాన్ని నాకే ఇచ్చేసేవాడు, అలవాటు ప్రకారం. ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి మనసు ఇంకా కుతకుతలాడింది. ఇచ్చేసేవాడు! అడక్కుండానే ఇచ్చేసేవాడు. మెర్ల్ కెఫార్ట్ దానం చేశాడని బీరువాలో చీటీ పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ చీటీని చచ్చేదాకా చూడాల్సి వచ్చేది. ఒకడు తనకి దొరకనిది దొరికించుకుంటే సహించవచ్చేమో. దొరికినదాన్ని లెక్కలేనట్టు చేతిలో పెట్టేస్తే ఎలా సహించడం?

గురువారం మాత్రం ఉండబట్టలేకపోయాడు. నలభై ఒకటి మీద ఉలి దిగడం తలుచుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. మెర్ల్ ఇంటికి వెళ్లాడు. మెర్ల్ వెనకాల కోళ్లగూటి ముందు మోకాళ్ల మీద కూర్చుని, వేలంలో పాడుకున్న బందులు బిగిస్తున్నాడు.

"ఆ అచ్చు నాకు ఇచ్చెయ్" అన్నాడు క్లీట్. "నకిలీలన్నీ ఒక పెట్టెలో పెడుతున్నా. కొత్తవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది."

"తీసుకో. దానికేం భాగ్యం. గాటు పడ్డాక."

"గాటు పడితే చూపించడానికేముంటుంది?"

మెర్ల్ నోట్లో మరమేకులు పెట్టుకుని మాట్లాడుతున్నాడు. అవి తీసి అరచేతిలో పోసుకున్నాడు. "క్లీట్, ఆ పద్ధతి పెట్టినప్పుడు నువ్వు ఏమన్నావో గుర్తుందా? మన దగ్గరున్న నకిలీ రేపు ఇంకొకడి దగ్గర నిజమై కూర్చుంటుందన్నావు. నీకు మినహాయింపు ఇస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? గస్ అప్పుడే అందరికీ చెప్పేశాడు కూడా. మెర్ల్ అతితెలివి చూడ్డానికి రండి అని."

"వాడు అట్లా అన్నాడా?"

"అంటే అననీ. నిజమేగా." తలుపు ఊపి చూశాడు. చప్పుడు లేకుండా మూసుకుంది. "చూడు, ఇవి మాత్రం అసలు బందులే."

అప్పుడు చెప్పేయాల్సింది. గడ్డివాసనా, ఒక ఎర్ర కోడీ, ఇద్దరు మనుషులూ తప్ప ఎవరూ లేరు. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో మెర్ల్ తలెత్తి, ఎండకి కళ్లు చికిలించి, "నాకు ఒక్కటే బాధ" అన్నాడు. "గ్రీజు వదిలి, అది నలభై ఒకటి అని అనుకున్నప్పుడు, జీవితంలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. పోనీలే, ఒక రాత్రంతా కలిగింది."

ఆ ఒక్క రాత్రి సంతోషం మీద కూడా క్లీట్‌కి ఈర్ష్య పుట్టింది. తనకి అది ఒక్క గంట కూడా కలగలేదు. నోట్లోని మాట మింగేసి కారెక్కాడు.

శనివారం ఫైర్ ఇంజన్లు రెండూ బయట నిలబెట్టి హాలంతా బల్లలు వేశారు. వంటింట్లోంచి పందిమాంసం, చిక్కుళ్ల పులుసు వాసన. అరవై డెబ్భై మంది ఉంటారు. అచ్చులు, సీసం గరిటెలు, పాత పెట్టెలు. సంఘం పెద్ద గస్ కాన్ఫర్ పీపాలాంటి మనిషి. అతను మైకు అక్కర్లేకుండానే అరిచాడు.

"ఇటు రండర్రా! భోజనానికి ముందు ఒక గాటుంది. మెర్ల్ కెఫార్ట్ కోళ్లగూట్లోంచి నలభై ఒకటో నంబరు పుట్టింది. కోడి పెట్టిందో, ఇంకెవరు పెట్టారో తెలీదు."

నవ్వులు. మెర్ల్ కూడా నవ్వుతూ ముందుకొచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, మెడ దగ్గర బొత్తాం పెట్టుకున్నాడు. దిమ్మని గస్ బల్లకున్న ఇనప పట్టుడులో బిగించాడు, నెత్తి పైకి వచ్చేటట్టు. రేకు పక్కకి తిప్పి ఉంది.

"నేను చెప్పేది రెండే ముక్కలు" అన్నాడు మెర్ల్. "నేను గాడిదని. క్లీట్ కాదు. ఆయన చూడకపోతే ఇవాళ దీన్ని నేను నిజమని మీ అందరికీ చూపించి, రాత్రికి ఊరు వదిలిపోయేవాణ్ణి. అంతే."

చప్పట్లు కొట్టారు. ఎవరో క్లీట్ భుజం తట్టారు. "నీ కన్ను కన్నేనయ్యా" అన్నారు వెనకనుంచి. ఇన్నేళ్లలో క్లీట్‌కి అంత గట్టిగా చప్పట్లు ఎప్పుడూ పడలేదు.

మెర్ల్ ఉలి తీసుకుని నంబరు మీద నిలబెట్టాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. పాల డబ్బాలు మోసి మోసి కాయలు కాసిన చేతులు. ఉలి ఏమాత్రం కదలడం లేదు. గస్ సుత్తి తెచ్చి క్లీట్ చేతిలో పెట్టాడు.

"నా బొటనవేలు వదిలేసి కొట్టు" అన్నాడు మెర్ల్. "దానికి నంబరు లేదు."

మళ్లీ నవ్వులు. క్లీట్ సుత్తి ఎత్తాడు. ఉలి అంచు సరిగ్గా ఆ నాలుగు మీద, విరిగిన చెయ్యి పక్కనే ఆని ఉంది. మేస్త్రీ దాన్ని కొట్టిన రోజున మంచు కురుస్తూ ఉండి ఉంటుంది. ఒక్క చలికాలం. ఆ చలికాలంలోంచి ఎన్ని మిగిలాయో ఎవడికి తెలుసు? బహుశా ఇదొక్కటే. ఒక దెబ్బ పడితే ఇక ఉండదు. తను రాసిందే నిజమవుతుంది. లేదు అన్నది లేకుండా పోతుంది. తనకి కావలసింది అదేగా?

చెయ్యి దిగలేదు.

"మంత్రం చదువుతున్నావా ఏంటి?" అన్నాడు గస్. "పులుసు చల్లారిపోతోందయ్యా."

"ఉలి తియ్" అన్నాడు క్లీట్.

"ఆఁ?"

"ఉలి తియ్ మెర్ల్. తియ్. అది నిజమైంది."

మెర్ల్ తియ్యలేదు. అర్థం కాలేదతనికి. క్లీట్ ఎడం చేత్తో ఉలి పట్టుకుని పక్కకి లాగేశాడు. అప్పుడు చెప్పాడు. ఒక్కో ముక్కా విరిచి విరిచి చెప్పాడు. ముసలావిడ ఉత్తరం గురించి, మొదటి చలికాలం గురించి, రేకు కిందే ఉండబట్టి, గ్రీజులో కూరుకుపోబట్టి అంకె అరగలేదన్న సంగతి, తన సొరుగులో నూనెగుడ్డలో ఉన్న ఏడో నంబరు సంగతి. లేదని రాసింది తప్పని కూడా చెప్పాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు మెర్ల్.

"మంగళవారం. రేకు తిప్పగానే."

"మంగళవారం." మెర్ల్ ఆ మాటని నోట్లో తిప్పి చూసుకున్నట్టు అన్నాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే క్లీట్‌కి తేలిగ్గా ఉండేది. "గురువారం మా కోళ్లగూటి దగ్గరికి వచ్చినప్పుడు కూడా తెలుసు."

"తెలుసు."

"ఇప్పుడు ఆపింది నా కోసమా, దీని కోసమా?"

క్లీట్ పట్టుడులో ఉన్న ఇనప దిమ్మని చూశాడు. అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు, అంతకన్నా తేలికైన అబద్ధమూ లేదు. "దాని కోసం" అన్నాడు.

మెర్ల్ తల ఊపాడు. "అనుకున్నా." పట్టుడు వదులు చేసి అచ్చు బయటికి తీశాడు. రేకు మూసి, చొక్కా అంచుతో తుడిచి, తన ముందు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. క్లీట్ వైపు జరపలేదు. పదేళ్లలో మొదటిసారి ఒక అచ్చుని తన ముందే ఉంచుకున్నాడు.

జనం క్లీట్‌ని తిట్టలేదు. అక్కడి మనుషులు అంత తొందరగా తిట్టరు. అతని చుట్టూ కాస్త చోటు వదిలారు, అంతే. తడిసిన కుక్క చుట్టూ వదిలినట్టు. ఒకరిద్దరు పులుసు కోసం లేచారు. మిగతావాళ్లు మెర్ల్ బల్ల మీదికి వంగారు.

అప్పుడు ఒహాయో నుంచి వచ్చిన రైతొకడు, పొద్దుట్నుంచీ క్లీట్ కోసం కాచుకుని ఉన్నవాడు, చేతిరుమాలులో అచ్చు పట్టుకుని నిలబడ్డాడు. క్లీట్ వైపు ఒక అడుగు వేశాడు. ఆగాడు. తిరిగి మెర్ల్ బల్ల దగ్గరికి వెళ్లి రుమాలు విప్పాడు.

"ఇది మా తాతది. ఎవరు చేసిందో కాస్త చూసి పెడతావా?"

"నేనా?" మెర్ల్ కంగారుపడ్డాడు. "నాకు పెద్దగా రాదండీ. ఆయన్ని అడగాలి మీరు."

"నువ్వు చూడు. రాకపోతే రాదని నువ్వయినా చెప్తావు."

మెర్ల్ చాలాసేపు చూశాడు. పిడులు చూశాడు, దిమ్మల లోపలి మొహాలు చూశాడు, రేకు తిప్పి చూశాడు, మరమేకు తల మీద గోరు పెట్టి గీశాడు. మూడు బారల దూరంలో నిలబడ్డ క్లీట్‌కి అదేమిటో అప్పటికే తెలిసిపోయింది. మరమేకు తల కోసిన తీరు చాలు. కనెక్టికట్‌లో చేసింది, పిడులు తర్వాత మార్చినవి. మాట నాలుక చివర దురద పెడుతోంది. అడిగేవాడు లేడు.

"నాకు తెలీదండీ" అన్నాడు మెర్ల్ చివరికి. "హోయర్ మాత్రం కాదు. అంతవరకే చెప్పగలను."

రైతు మొహం వాడిపోతుందని క్లీట్ ఎదురుచూశాడు. వాడలేదు. అతను తృప్తిగా తల పంకించి, కుర్చీ లాక్కుని మెర్ల్ పక్కన కూర్చున్నాడు. తాత ఆ అచ్చుతో తూటాలు పోసి జింకల్ని ఎలా కొట్టేవాడో చెప్పడం మొదలుపెట్టాడు. వంటింటి ఆవిడ ఒకామె వచ్చి ఇద్దరి ముందూ రెండు పెద్ద ఆపిల్ పై ముక్కలు పెట్టి వెళ్లింది.

ఇరవై ఏళ్లలో క్లీట్ ఆ హాల్లో కొన్ని వందల అచ్చులు చదివాడు. ఒక్కడు కూడా అతని పక్కన అలా కుర్చీ లాక్కుని కూర్చోలేదు. తెలీదన్న మాటకి అంత విలువ ఉంటుందని, అది కూడా మెర్ల్‌కే దొరుకుతుందని తలుచుకునేసరికి కడుపులో మంగళవారం రగిలిన మంట మళ్లీ భగ్గుమంది. ఈసారి దాని మీద పొయ్యడానికి చేతిలో ఒక్క అబద్ధం కూడా లేదు.

గస్ దగ్గరికొచ్చాడు. "సుత్తి ఇటు ఇవ్వు క్లీట్" అన్నాడు మెల్లగా. "వెళ్లి ఏదైనా తిను."